టైరు లావైంది, క్రాంకు పొట్టిదైంది: క్రాన్‌బర్న్ దారిలో కొత్త సైకిల్ లెక్కలు

ముందుగా ఒక కొలత: 28 × 1½. హీరో సైకిలో అట్లాస్ సైకిలో ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ అంకెను పరిచయం చెయ్యక్కర్లేదు. టైరు పక్కన ఉబ్బెత్తు అక్షరాల్లో ఉండేది. పంక్చరు షాపులో కొత్త ట్యూబు అడగాలన్నా ఇదే చెప్పేవాళ్లం. అంగుళంన్నర వెడల్పు, అంటే 38 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ఇంకో కొలత: 23. పదిహేనేళ్ల కిందట రేసు సైకిల్ అంటే 23 మిల్లీమీటర్ల టైరు. అంతకన్నా లావు టైరు వేసుకుంటే తోటివాళ్లు జాలిగా చూసేవాళ్లు. ఆ 23 కాస్తా 25 అయింది, 25 పోయి 28 వచ్చింది, ఈరోజు కొత్త రోడ్డు సైకిల్ కొంటే 30, 32 మామూలు. లక్షల ఖరీదు చేసే సైకిళ్లు ఏటా ఒకటి రెండు మిల్లీమీటర్లు చొప్పున మా నాన్న సైకిల్ వైపు జరుగుతున్నాయి. ఎందుకన్నది తెలియాలంటే క్రాన్‌బర్న్ రావాలి.

మెల్‌బోర్న్ నుంచి ఆగ్నేయంగా వచ్చే లోకల్ రైలుకు క్రాన్‌బర్న్ ఆఖరి స్టేషను. కేసీ నగర పాలక మండలిలోని ఊరు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ మండలిలో 3.65 లక్షల మంది ఉన్నారు, కొత్త కాలనీలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. అదే లెక్కల్లో ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు దాదాపు 59 వేలు. క్రాన్‌బర్న్, క్లైడ్ చుట్టుపక్కల వీధుల్లో తెలుగు వినిపించని సాయంత్రం ఉండదు. రేసు తొక్కేవాళ్లకు కేసీ ఫీల్డ్స్ మైదానాల్లో ప్రత్యేకంగా వేసిన తారు చుట్టుబాట ఉంది. మిగతావాళ్లకు టూరడిన్, కూవీరప్ వైపు వెళ్లే రోడ్లున్నాయి. నేల పళ్లెంలా చదును. ఎక్కడానికి గుట్ట ఉండదు, ఎదురుగాలి మాత్రం ఏ రోజూ తప్పదు.

చుట్టుబాట మీది తారుకీ పల్లె రోడ్డు తారుకీ తేడా ఉంది. ఇక్కడి విక్టోరియా రాష్ట్రపు పల్లె రోడ్లలో చాలావాటికి వేడి తారు చల్లి, దాని మీద 10 లేదా 14 మిల్లీమీటర్ల కంకర పరిచి, రోలరుతో తొక్కించి వదిలేస్తారు. వందల కిలోమీటర్లు తక్కువ ఖర్చుతో వెయ్యాలంటే అదే మార్గం. కారులో కూర్చున్నవాడికి కాస్త హోరు వినిపిస్తుంది, అంతే. సైకిల్ మీద ఉన్నవాడికి మాత్రం ఆ కంకర ప్రతి ముక్కా అరచేతిలో, నడుములో లెక్కకు వస్తుంది.

అసలు లెక్క చూద్దాం. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలనుకుంటే, వెనక చక్రం మీద పడే బరువు సుమారు 50 కిలోలు. టైరులో 100 పీఎస్ఐ గాలి ఉంటే ఆ బరువును మోయడానికి రోడ్డును తాకాల్సిన మేర 7 చదరపు సెంటీమీటర్లు. 60 పీఎస్ఐ ఉంటే సుమారు 12. సన్న టైరులో ఆ 7 చదరపు సెంటీమీటర్ల ముద్ర పొడవుగా, ఇరుకుగా పడుతుంది. లావు టైరులో పొట్టిగా, వెడల్పుగా పడుతుంది. ఒకే పీఎస్ఐ దగ్గర లావు టైరు తక్కువ మేర వంగుతుంది కాబట్టి సాఫీగా దొర్లుతుంది. గాలి తగ్గించి నడిపితే కంకర ముక్క టైరులోకి నొక్కుకుని వదిలేస్తుంది. అదే గాలి దట్టించిన టైరైతే ప్రతి ముక్కకూ మనిషినీ సైకిల్‌నూ కలిపి పైకి ఎగరేస్తుంది. ఆ ఎగరేసే పనికి శక్తి మన కాళ్లలోంచే పోతుంది.

అయినా చాలామంది నమ్మరు. నేనూ చాలాకాలం నమ్మలేదు. బొటనవేలితో నొక్కి చూసి గాలి సరిపోయిందో లేదో చెప్పడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ బొటనవేలు లావు టైరు దగ్గర తప్పు చెబుతుంది. టైరు బిగువు ఒక్క గాలి మీదే కాదు, గాలిని వెడల్పుతో హెచ్చవేస్తే వచ్చే అంకె మీద ఆధారపడుతుంది. 23 మిల్లీమీటర్ల టైరులో 100 పీఎస్ఐ ఎంత గట్టిగా తగులుతుందో, 30 మిల్లీమీటర్ల టైరులో 77 అంతే గట్టిగా తగులుతుంది. మాతో తొక్కే ఒక తమ్ముడు కొత్త 32 టైర్లలో పాత అలవాటుగా 100 కొట్టించుకుని టూరడిన్ దాకా వచ్చాడు. దిగి అరచేతులు చూపించాడు, ఎర్రగా కమిలి ఉన్నాయి. "అన్నా, ఇంత ఖరీదు పెట్టి కొన్నది ఇందుకా?" అన్నాడు. అక్కడే 60కి దింపాం. తిరిగొచ్చేటప్పుడు అదే రోడ్డు, అదే సైకిల్. దారంతా కబుర్లు చెబుతూ తొక్కాడు.

నన్నడిగితే గత ఇరవై ఏళ్లలో సైకిల్‌కు వచ్చిన మార్పుల్లో మామూలు మనిషికి నిజంగా పనికొచ్చినవాటిలో మొదటిది ఇదే. రోడ్డు అద్దంలా ఉంటే దీని విలువ తగ్గుతుంది. హైదరాబాద్‌లో 2023 అక్టోబరు 1న అవుటర్ రింగ్ రోడ్డు పక్కన ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది, పైన 16 మెగావాట్ల సోలార్ పలకల నీడతో. అలాంటి చోట 28 చాలు. బాట దాటి కాలనీ రోడ్డెక్కితే మాత్రం 32 కూడా ఎక్కువ కాదు.

టైరు లావయ్యాక రిమ్ము మారింది, దాంతోపాటే ఒక వివాదం వచ్చింది. పాత రిమ్ము అంచులు లోపలికి కొక్కెంలా వంగి టైరును పట్టుకునేవి. కొత్త రకం రిమ్ముల్లో ఆ కొక్కెం ఉండదు, గోడ నిటారుగా ఉంటుంది. తయారీ సులువు, ఖర్చు తక్కువ. అయితే గాలికి హద్దు ఉంది: 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ. అంతకుమించితే టైరు ఊడే ప్రమాదం. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ ఐదో దశలో థామస్ డి గెంట్ చక్రం నుంచి టైరు ఊడి, అతను రోడ్డు మీద పడ్డ దృశ్యం అందరూ చూశారు. చక్రం రాయికి కొట్టుకోవడం వల్లే అలా జరిగిందని వివరణ వచ్చింది. అతని చక్రంలో రిమ్ము లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లు, టైరు 28. ప్రొఫెషనల్ రేసర్ల సంఘం అధ్యక్షుడు ఆడమ్ హాన్సెన్ ఇలాంటి రిమ్ములు రేసుల్లో వద్దని గట్టిగా వాదించాడు. ఆయన ఆస్ట్రేలియా వాడే, దశాబ్దానికి పైగా పెద్ద రేసులు తొక్కినవాడు. ఆ మాటను తేలిగ్గా తీసుకోలేం. నా అభిప్రాయమూ అదే. 32 వేసి 55 పీఎస్ఐతో తిరిగే తేలికపాటి మనిషికి కొక్కెం లేని రిమ్ముతో ఇబ్బంది లేదు. 95 కిలోల మనిషి 28 టైరు వేసుకుంటే మాత్రం హద్దుకు మరీ దగ్గరగా నడుస్తున్నట్టు. ఆ ఖర్చులో దక్కిన ఆదా కంపెనీది, పడితే విరిగే ఎముక మనది.

బ్రేకుల గొడవ దాదాపు ముగిసింది. డిస్క్ బ్రేకులను రేసుల్లో పరీక్షించడం 2015లో మొదలైంది. 2016 ఏప్రిల్‌లో పారిస్–రూబే రేసులో ఫ్రాన్సిస్కో వెంతోసో కాలికి లోతైన గాయమైంది, అది డిస్క్ కోసిందేనని ఆయన చెప్పాడు, పరీక్షలు ఆగాయి. 2017లో మళ్లీ మొదలయ్యాయి, 2018 జూలైలో పూర్తి అనుమతి వచ్చింది. అప్పటికీ చాలామంది మొగ్గు చూపలేదు. 2019లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఎగాన్ బెర్నాల్ సైకిల్‌కు రిమ్ బ్రేకులే ఉన్నాయి. ఇప్పుడు కొత్త రోడ్డు సైకిళ్లలో అవి వెతికినా దొరకడం కష్టం. డిస్క్ వల్ల సుమారు అర కిలో బరువు పెరుగుతుంది, నూనె మార్పించే పనీ పడుతుంది. కానీ మెల్‌బోర్న్ చలికాలపు వానలో, ట్రక్కులు తిరిగే సౌత్ గిప్స్‌లాండ్ హైవే పక్కన, వేలు తాకించగానే ఆగే బ్రేకుకు ఆ అర కిలో చాలా చిన్న ధర. పైగా బ్రేకు రిమ్మును పట్టుకోవడం మానేసింది కాబట్టే టైరు లావు కాగలిగింది.

నాకు అసలు కోపం తెప్పించేది మరొకటి. బ్రేకు గొట్టాలు, గేరు తీగలు ఇదివరకు హ్యాండిల్ ముందు నుంచి వేలాడుతూ ఫ్రేములోకి పోయేవి. ఇప్పుడు హ్యాండిల్ లోపలి నుంచి, మెడ బేరింగుల నడుమ నుంచి దాచి తీసుకెళ్తున్నారు. చూడ్డానికి నున్నగా ఉంటుంది, గాలికి అడ్డం కొంచెం తగ్గుతుంది, సందేహం లేదు. రెండు చలికాలాలు వానలో తొక్కాక నా సైకిల్ మెడ గరగరమనడం మొదలైంది. విప్పించి చూస్తే పై బేరింగు ఎర్రగా తుప్పు పట్టింది. అరచేతిలో పట్టే ఉంగరం, వేలితో తిప్పితే రెండు చోట్ల పట్టేస్తోంది. పాత సైకిల్‌కైతే హ్యాండిల్ లేపి, బేరింగు మార్చి, గ్రీజు పెట్టి ఇరవై నిమిషాల్లో దింపేవాళ్లు. దీనికి బ్రేకు గొట్టాలు ఊడదియ్యాలి, మళ్లీ బిగించాలి, నూనెలో బుడగలు తియ్యాలి. పూట పని. కూలి ఆ ఉంగరం ధరకు ఎన్నో రెట్లు అయింది. షాపులో మెకానిక్ నా ముఖం చూసి, "ఇది డిజైన్ చేసినవాళ్లెప్పుడూ దీన్ని విప్పలేదు" అన్నాడు. కొత్త మోడల్ ఎంత వేగంగా పోతుందో చెప్పే కాగితంలో ఈ పూట పని ఎక్కడా కనిపించదు. రేసు జట్టుకు జీతం తీసుకునే మెకానిక్ ఉంటాడు. మనకు శనివారం ఒక్కటే ఉంటుంది.

అదే కాలంలో మెకానిక్‌లు చేతులెత్తి దణ్ణం పెట్టిన మార్పు కూడా వచ్చింది. వెనక గేరు మెకానిజం వేలాడే చిన్న అల్యూమినియం ముక్క ప్రతి ఫ్రేముకూ వేరే ఆకారంలో ఉండేది. అది వంగితే సరైనది దొరికేదాకా సైకిల్ గోడకు ఆనించి కూర్చోవాల్సిందే. 2019లో శ్రామ్ కంపెనీ అందరూ వాడుకోగల ఒకే ఆకారాన్ని తెచ్చింది. మిగతా ఫ్రేము కంపెనీలూ దాన్ని వాడసాగాయి. పెడల్ కింది బేరింగుల విషయంలోనూ ఇలాంటి బుద్ధే వచ్చింది. ఒత్తి దూర్చే రకం కిర్రుకిర్రుమంటోందని తొక్కేవాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక చాలా కంపెనీలు మర బిగించే పాత పద్ధతికి తిరిగొచ్చాయి. తొక్కేవాళ్ల గోలకు కంపెనీలు దిగొస్తాయనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

గేర్ల లెక్క కాస్త ఓపిగ్గా చూడాలి. షిమానో కంపెనీ పెద్ద మోడల్ డ్యూరా ఏస్‌లో వెనక పళ్ల చక్రాలు 2012లో 11, 2021లో 12. 2024లో శ్రామ్ కంకర దారుల సైకిల్ కోసం 13 తెచ్చింది. అంత ఇరుకులో దూరాలంటే చైను సన్నబడాలి. 8 చక్రాల కాలం చైను బయటి వెడల్పు 7 మిల్లీమీటర్ల పైన, 12 చక్రాల చైను 5.25 దగ్గర. ఇంకోపక్క ముందు రెండు పళ్ల చక్రాలు తీసేసి ఒకటే పెట్టే పద్ధతి పెరిగింది. దీనివల్ల గేర్లు తగ్గిపోతాయని భయపడేవాళ్లు ఈ లెక్క చూడండి. ముందు 50, 34, వెనక 11 నుంచి 34 ఉన్న సైకిల్‌లో అతి బరువు గేరు అతి తేలిక గేరుకు 4.55 రెట్లు. ముందు ఒకటే చక్రం, వెనక 10 నుంచి 46 ఉన్న సైకిల్‌లో 4.6 రెట్లు. మొత్తం మేర దాదాపు సమానం. తేడా మెట్ల మధ్య దూరంలో. క్రాన్‌బర్న్ లాంటి చదును మీద ఎదురుగాలిలో గంటసేపు ఒకే లయలో తొక్కుతుంటే ఆ పెద్ద మెట్లు కాళ్లకు తెలుస్తాయి. అందుకే ఈ చుట్టుపక్కల నేనింకా రెండు చక్రాలకే ఓటేస్తాను. మట్టి దారుల్లో తిరిగేవాళ్లకు ఒకటి చాలు, చైను ఊడే బాధ కూడా తగ్గుతుంది.

ఇదే పళ్ల చక్రం కోర్టు మెట్లెక్కే దాకా వెళ్లింది. సైకిల్ రేసుల అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ, వేగం మితిమీరుతోందని, గేరుకు గరిష్ఠ హద్దు పెట్టి చూడాలనుకుంది: ముందు 54, వెనక 11. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 10.46 మీటర్లు పోతుంది, నిమిషానికి 90 చుట్ల లెక్కన గంటకు 56 కిలోమీటర్ల పైనే. 2025 అక్టోబరులో చైనాలోని గ్వాంగ్‌షీ రేసులో పరీక్షిద్దామనుకున్నారు. శ్రామ్ వాడే జట్ల సైకిళ్లలో 10 పళ్ల చక్రం ఉంటుంది, 54తో కలిస్తే పదకొండున్నర మీటర్లు. ఈ నియమం తమ ఒక్కరినే దెబ్బతీస్తుందని శ్రామ్ బెల్జియం పోటీ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేసింది, ఆ సంస్థ పరీక్షను నిలిపేసింది. భద్రత కోసం నియమం పెట్టడం తప్పు కాదు. ఒక్క పన్ను తేడాతో భద్రత వస్తుందని తొక్కేవాళ్లను ఒప్పించకుండా పెట్టడమే తప్పు.

బరువు గురించి రెండు ముక్కలు చాలు. 2000 సంవత్సరం నుంచి రేసు సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని నియమం. మెల్‌బోర్న్ వాళ్లందరూ తొక్కే దాండినాంగ్ కొండల ఎక్కుడుకు పేరే 'వన్ ఇన్ ట్వంటీ', అంటే 20 మీటర్లకు ఒక మీటరు. అక్కడ 20 నిమిషాలు పట్టే మనిషి సైకిల్ బరువు ఒక కిలో తగ్గించుకుంటే మిగిలేది సుమారు 12 సెకన్లు. ఆ కిలోకు వేల డాలర్లు పోసేవాళ్లున్నారు. క్రాన్‌బర్న్ చదునులో ఆ 12 సెకన్లు కూడా మిగలవు.

మోటారు సైకిళ్లలా పోయే ఎలక్ట్రిక్ సైకిళ్ల మీద ఇక్కడ చర్చ బాగా నడుస్తోంది. విక్టోరియాలో చట్టం ఒప్పుకునేది 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల దాకా సాయం. చదును మీద ఆ వేగానికి మామూలు మనిషికి 100 వాట్ల పైచిలుకు చాలు, కాబట్టి 250 తక్కువేం కాదు. మోకాళ్ల నొప్పులతో సైకిల్ మానేసిన మా పెద్దవాళ్లు మళ్లీ ఎక్కుతున్నారంటే దీనివల్లే. ఇంతకీ ఏ కొత్త భాగం కన్నా ప్రాణం కాపాడే కొలత ఇక్కడ 2021లో వచ్చింది: సైకిల్‌ను దాటే కారు 60 కిలోమీటర్ల వేగపరిమితి వరకు ఒక మీటరు, అంతకుమించిన రోడ్డు మీద మీటరున్నర దూరం వదలాలి.

ఇక శరీరం కొలతలు. యూసీఐ 2025 జూన్‌లో ఇంకో నియమం చెప్పింది: 2026 జనవరి నుంచి రోడ్డు రేసుల్లో హ్యాండిల్ బయటి వెడల్పు కనీసం 400 మిల్లీమీటర్లు ఉండాలి, బ్రేకు పిడుల మధ్య లోపలి దూరం కనీసం 320. అంతకుముందు బయటి వెడల్పు హద్దు 350. గాలిని కోయడానికి కొందరు మరీ ఇరుకు హ్యాండిళ్లు వాడుతున్నారు, వాటితో సైకిల్ అదుపు తప్పుతుందన్నది సమాఖ్య వాదన. మహిళా రేసర్లు వెంటనే అభ్యంతరం చెప్పారు. భుజాలు చిన్నగా ఉన్న మనిషికి 400 అంటే చేతులు చాపి తొక్కడమే, మణికట్లూ మెడా నొప్పులే. వాళ్ల గొంతు గట్టిగా వినిపించాక 320 కాస్తా 280కి దిగింది, బయటి 400 మాత్రం అలాగే ఉంది. ఒక సగటు మగవాడి భుజాలు కొలిచి లోకమంతటికీ చొక్కా కుట్టినట్టుంది ఇది. మా ఆవిడ కోసం సైకిల్ కొన్నప్పుడు షాపులో ఉన్న అతి చిన్న ఫ్రేముకు కూడా హ్యాండిల్ వెడల్పుగానే ఉంది. అందుకే ఈ విషయంలో మహిళా రేసర్ల పక్షాన నిలబడతాను.

పెడల్‌ను మోసే కడ్డీ, అంటే క్రాంకు విషయంలో గాలి మనవైపు వీస్తోంది. దశాబ్దాలుగా రేసు సైకిల్ క్రాంకు అంటే 172.5 మిల్లీమీటర్లు, పొడుగైతే బలం ఎక్కువని నమ్మకం. 120 నుంచి 220 దాకా రకరకాల పొడుగుల క్రాంకులతో చేసిన పరిశోధన 2001లోనే వెలువడింది. ఆ చివర నుంచి ఈ చివరకు గరిష్ఠ శక్తిలో తేడా 4 శాతమే. 145కీ 170కీ చెప్పుకోదగ్గ తేడా లేదు. తొక్కేవాళ్లు పట్టించుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2024లో రేసర్ తడెయ్ పొగచర్ 165కి దిగి టూర్ ద ఫ్రాన్స్ గెలిచాక అందరూ కొలవడం మొదలుపెట్టారు. క్రాంకు 7.5 మిల్లీమీటర్లు తగ్గితే సీటు అంత పైకి లేపుతాం. పెడల్ పైకొచ్చినప్పుడు సీటుకు పాదానికి మధ్య 15 మిల్లీమీటర్ల చోటు పెరుగుతుంది. మోకాలు పొట్టకు తగలదు, నడుము ముడుచుకోదు.

పొగచర్ ఎత్తు 176 సెంటీమీటర్లు. మన ఇళ్లలో 5 అడుగుల 2 అంగుళాల మనిషి, అంటే 157 సెంటీమీటర్ల మనిషి, అరుదేం కాదు. పొగచర్‌కు 165 అయితే అదే నిష్పత్తిలో ఈ మనిషికి సుమారు 147 రావాలి. షాపులో ఇచ్చేది 165, ఒక్కోసారి 170. మోకాళ్లు నొప్పి పుడుతున్నాయని సైకిల్ మూల పడేసిన అక్కలు, చెల్లెళ్లు, పిన్నులు ఎంతమంది ఉన్నారో! ఆ నొప్పిలో ఎంత వయసుదో, ఎంత క్రాంకుదో కొలిచి చూసినవాళ్లు తక్కువ. షిమానో 12 గేర్ల మోడళ్లలో 160 దొరుకుతుంది, అంతకన్నా పొట్టివి వేరే కంపెనీలు చేస్తున్నాయి. కొత్త సైకిల్ కొనేటప్పుడే మార్చి ఇమ్మని అడగండి. రంగు ఎంపికలో పెట్టే సమయంలో సగం దీని మీద పెట్టండి.

క్రాంకు చూడటానికి వంగారు కాబట్టి ఇంకో పని కూడా చెయ్యండి. 2023 సెప్టెంబరులో షిమానో తన 11 గేర్ల అల్టెగ్రా, డ్యూరా ఏస్ క్రాంకుల్లో, 2012 నుంచి 2019 మధ్య చేసినవాటిని తనిఖీకి పిలిచింది. రెండు లోహపు పెంకులను జిగురుతో అతికించి చేసిన ఆ క్రాంకులు విడిపోతున్నాయని అమెరికా, కెనడాల్లో 4 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ప్రపంచమంతటా తనిఖీకి వచ్చినవి సుమారు 28 లక్షలు. వాటిలో చాలా సైకిళ్లు ఇప్పటికే చేతులు మారి, సెకండ్ హ్యాండ్‌లో తక్కువ ధరకు మనలాంటివాళ్ల గరాజ్‌లకు చేరాయి. కుడి క్రాంకు వెనక వైపు మసి తుడిచి చూడండి, ఎఫ్‌సీ-6800, ఎఫ్‌సీ-ఆర్8000, ఎఫ్‌సీ-9000, ఎఫ్‌సీ-ఆర్9100 అనే అంకెల్లో ఏదన్నా కనిపిస్తే, శనివారం తొక్కడానికి బయల్దేరే ముందే షిమానో సరుకు అమ్మే షాపుకు తీసుకెళ్లి చూపించండి.